హెరాల్డ్‌కి స్పిట్‌ఫైర్ ఇంజిన్, గేర్‌బాక్స్: ఏవి పడతాయి, ఏవి పడవు?

లెస్టర్_రవి:
అందరికీ నమస్కారం. నా దగ్గర 1966 ట్రయంఫ్ హెరాల్డ్ 1200 ఉంది. ఇంజిన్ బాగా అరిగింది, కాస్త ఎత్తు ఎక్కితే చాలు నీలం పొగ. దగ్గర్లో ఒక పాత కార్ల యార్డులో, ట్రయంఫ్ వాళ్లదే స్పోర్ట్స్ కారు స్పిట్‌ఫైర్ 1500 ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపి ఇస్తామంటున్నారు. ఒకే కుటుంబం కాబట్టి నేరుగా బిగించుకోవచ్చట. డబ్బు కట్టేముందు, ఈ పని చేసినవాళ్ల మాట వినాలని ఉంది.

కోవెంట్రీ_మూర్తి:
రవీ, కుటుంబం ఒకటేనన్నది నిజమే. 948, 1147 (మీ 1200ది ఇదే), 1296 సీసీ మూడింటికీ స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 76 మి.మీ., బోరు (సిలిండర్ వ్యాసం) మాత్రం పెంచుకుంటూ పోయారు. 1500లో బోరు 1296దే, 73.7 మి.మీ. స్ట్రోక్‌ని 87.5కి లాగారు. అంత పొడవు స్ట్రోక్‌కి కూడా క్రాంక్‌ని (పిస్టన్లు తిప్పే ఇరుసుని) మోసే మెయిన్ బేరింగులు మూడే. మోటర్‌వే మీద గంటలకొద్దీ తొక్కితే ముందు దెబ్బ తినేది కింది భాగమే.

అక్కడికి వెళ్లగానే బ్లాక్ ఎడమ పక్క ఇంజిన్ నంబరు చూడు. మొదటి రెండక్షరాలే అసలు సంగతి చెబుతాయి. మీది జీఏ, తర్వాతి హెరాల్డ్ 13/60ది జీఈ, స్పిట్‌ఫైర్ మార్క్ 3ది ఎఫ్‌డీ, మార్క్ 4ది ఎఫ్‌హెచ్ (ఈ మూడూ 1296 సీసీవే), 1500ది ఎఫ్ఎమ్.

తర్వాత క్రాంక్ పుల్లీని పట్టుకుని ముందుకీ వెనక్కీ గట్టిగా లాగు. చేతికి టక్కుమని ఆట తెలిసిందంటే థ్రస్ట్ వాషర్లు అరిగినట్టే. అవి వెనక మెయిన్ బేరింగుకి రెండు పక్కలా కూర్చునే అర్ధచంద్రాకారపు ముక్కలు. క్లచ్ నొక్కిన ప్రతిసారీ భారం వాటి మీదే. మరీ పల్చబడితే జారి సంప్‌లో (ఇంజిన్ కింది నూనె తొట్టిలో) పడతాయి, ఆ తర్వాత క్రాంక్ బ్లాక్‌నే తినేస్తుంది. నా మొదటి స్పిట్‌ఫైర్ బ్లాక్ అలాగే పోయింది. సంప్ విప్పితే అడుగున నూనెలో ఒక వాషర్ ముక్క మెరుస్తూ కనబడింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

బర్మింగ్‌హామ్_లక్ష్మి:
రవి గారూ, మానిఫోల్డ్ (ఇంజిన్‌కి బిగించే గాలి, పొగ గొట్టాలు) సంగతి కూడా చూసుకోండి. మీ 1200 హెడ్‌లో పక్కపక్క సిలిండర్లు ఇన్‌లెట్ పోర్టుని పంచుకుంటాయి, మొత్తం ఆరు పోర్టులు. 1296, 1500 హెడ్లకు ఎనిమిది. మీ సోలెక్స్ కార్బ్యురేటర్ మానిఫోల్డ్ దానికి కూర్చోదు. స్పిట్‌ఫైర్‌కి ఉండే ఎస్‌యూ కార్బ్యురేటర్లు రెండూ, ఎగ్జాస్ట్ మానిఫోల్డూ ఇంజిన్‌తోనే అడిగి తీసుకోండి. విడిగా కొంటే వాటికే సగం డబ్బు పోతుంది.

విజయవాడ_హెరాల్డ్:
మాది మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్, 948 సీసీ. నాన్నగారి బండి. మూర్తి గారు చెప్పిన థ్రస్ట్ వాషర్ల దగ్గరే మేమూ దెబ్బతిన్నాం. అవి ఇక్కడ దొరక్క ఇంగ్లండు నుంచి తెప్పించాం. ఆటోనగర్‌లో ఒక షెడ్డులో బిగించేటప్పుడు తిరగేసి పెట్టారు. గాళ్లు (నూనె గాడులు) ఉన్న ముఖం క్రాంక్ వైపు ఉండాలి, బ్లాక్ వైపు కాదు. కొత్త వాషర్లు కొద్ది రోజులకే అరిగిపోయాయి. రెండోసారి నేనే దగ్గర నిలబడి పెట్టించాను. అన్నా, మీ ఇంజిన్‌కి ఎవరు బిగించినా ఈ ఒక్కటీ మీ కళ్లతో చూసుకోండి.

కోవెంట్రీ_మూర్తి:
తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. ఇక గేర్‌బాక్స్. మీ హెరాల్డ్ బాక్స్‌లో ఫస్ట్ గేరుకి సింక్రో (గేరు మెత్తగా పడేలా చేసే ఏర్పాటు) లేదు, మార్క్ 4 నుంచి నాలుగింటికీ వచ్చింది. 1500 బాక్స్ లోపల గేర్లు మార్చే సెలెక్టర్ రాడ్ ఒక్కటే, అంతకుముందు వాటికి మూడు. క్లచ్ ప్లేటు సైజు, ఫ్లైవీల్ కూడా వేరు. అందుకే ఇంజిన్, ఫ్లైవీల్, క్లచ్, బాక్స్ ఒకే బండివి తీసుకోవడం మేలు. పాత బాక్స్ ఉంచుకుంటానంటే మాత్రం క్రాంక్ చివర, గేర్‌బాక్స్ షాఫ్ట్ కొన కూర్చునే స్పిగాట్ బుష్‌ని కొలవకుండా జత చేయొద్దు. ఓవర్‌డ్రైవ్ (వేగంలో ఇంజిన్ తిరుగుడు తగ్గించే అదనపు గేరు) ఉన్న బాక్స్ పొడవెక్కువ, వెనక్కి శక్తిని పంపే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొట్టిది కావాలి.

హెరాల్డ్‌తో హాయి ఏమిటంటే బానెట్ మొత్తం ముందుకు వాలుతుంది, టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. బాక్స్‌ని కూడా టన్నెల్ కవర్ తీసి కారు లోపలి నుంచే దించవచ్చు.

బర్మింగ్‌హామ్_లక్ష్మి:
డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్య గేర్ల పెట్టె) మర్చిపోయారు! దాని గేరు నిష్పత్తి 1200ది 4.11, స్పిట్‌ఫైర్ 1500ది 3.63. మార్చితే అదే వేగానికి ఇంజిన్ తిరుగుడు సుమారు 12 శాతం తగ్గుతుంది. ఇంజిన్ మారితే ఇక్కడి బండ్ల రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్ఏకి, ఇన్సూరెన్స్‌కి చెప్పడం తప్పనిసరి.

లెస్టర్_రవి:
ఇప్పుడే యార్డు నుంచి వచ్చాను. వైర్ బ్రష్‌తో మురికి గీకితే ఎఫ్ఎమ్ కాదు, ఎఫ్‌హెచ్ కనబడింది! మరి ఇది 1296 కదా? పుల్లీ లాగితే ఆట ఏమీ తెలియలేదు. బాక్స్ కూడా దానితో పాటు దించిందేనట.

కోవెంట్రీ_మూర్తి:
అవును, మార్క్ 4. నా మాట వింటే ఇదే నీకు మంచిది. 76 స్ట్రోక్ కాబట్టి హాయిగా తిరుగుతుంది, ఫస్ట్ గేరుకి సింక్రో కూడా వస్తుంది. దాని జత డిఫరెన్షియల్ 3.89. కానీ దాని పైన వెనక స్ప్రింగ్ బిగించే స్టడ్లు హెరాల్డ్‌కి ఆరు, దీనికి నాలుగే, అది తర్వాత చూద్దాం. 1500 ధర మాత్రం ఇవ్వకు. మీ పాత ఇంజిన్ ముందు ప్లేటు, మౌంటింగులు పారేయకుండా పక్కన పెట్టు.

లెస్టర్_రవి:
నంబరు చూపించాక వాళ్లే ధర తగ్గించారు. ఎస్‌యూలు రెండూ కలిపి ఇస్తున్నారు. శనివారం తెచ్చుకుంటాను, వాషర్లు చూడ్డానికి ముందు సంప్ విప్పుతాను.

విజయవాడ_హెరాల్డ్:
వెనక మెయిన్ క్యాప్ తీశాక ఫొటో పెట్టండి అన్నా, గాళ్లు ఎటున్నాయో చూస్తాం.