కొండదారుల్లో ఫోర్ స్ట్రోక్ డర్ట్ బైకు ఇంజిన్ నిలుస్తుందా?

రాయగడ సభ్యుడు:
మా రాయగడ, కొరాపుట్ కొండల్లో బండ్లు నడిపే మిత్రుల మధ్య ఒక వాదం తెగడం లేదు. టూ స్ట్రోక్ బండికి పిస్టనూ రింగులూ ఒక పూటలో మార్చేయవచ్చనీ, ఫోర్ స్ట్రోక్ చెడితే మాత్రం హెడ్డు, వాల్వులు, క్రాంకు అన్నీ కలిపి ఖర్చు తడిసి మోపెడవుతుందనీ కొందరంటున్నారు. ఫోర్ స్ట్రోకే ఎక్కువ కాలం మన్నుతుందని నా నమ్మకం. మీరేమంటారు?

గుణుపురం సభ్యుడు:
పోటీల బండ్ల విషయంలో మీ మిత్రుల మాట నిజమే. 250 సీసీ మోటోక్రాస్ ఇంజిన్ నిమిషానికి 13,000 చుట్లు దాటి తిరుగుతుంది. వాటిలో చాలావాటికి బరువు తగ్గించడం కోసం టైటానియం వాల్వులు వేస్తారు. పైనున్న గట్టి పూత దుమ్ముకు అరిగిందంటే ఆ వాల్వు ఎంతో కాలం ఆగదు. రోడ్డుకూ కొండకూ పనికొచ్చే హీరో కంపెనీ ఎక్స్‌పల్స్ 200 4వీ వంటి బండిని వాటి సరసన నిలబెట్టడం న్యాయం కాదు. దాని గరిష్ఠ శక్తి 8,500 చుట్ల దగ్గరే వస్తుంది.

జయపురం మెకానిక్:
ఇంజిన్ రకం కన్నా ముందు ఎయిర్ ఫిల్టరు గురించి మాట్లాడుకోవాలి. మన ఎర్రమట్టి దుమ్ము పిండిలా మెత్తగా ఉంటుంది కాబట్టి, ఫోము ఫిల్టరుకు నూనె సరిగా పట్టకపోయినా, అంచు పెట్టెకు సరిగా ఆనకపోయినా సందుల్లోంచి లోపలికి పోతుంది. ఫిల్టరు తీసినప్పుడు ఇంజిన్ వైపు వెళ్లే రబ్బరు గొట్టం లోపల తెల్లటి గుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు ఎర్రగా అంటితే పిస్టన్, బోరు, వాల్వు సీటు ఈసరికే అరగడం మొదలైందన్నమాట.

టాపెట్ల (వాల్వులను నొక్కి తెరిచే భాగాల) మోత వస్తే చూద్దాంలే అనుకోవడం మరీ ప్రమాదం. సీటు దగ్గర అరిగిన వాల్వు లోపలికి కుంగి, టాపెట్ సందు తగ్గిపోతుంది కాబట్టి మోత పెరగదు సరికదా, ఇంజిన్ ఇంకా నెమ్మదిగా వినిపిస్తుంది. చివరికి వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ (సిలిండరులోని ఒత్తిడి) పోతుంది. వేడి మీద బండి స్టార్ట్ కాకుండా మొరాయించడం దానికి మొదటి గుర్తు.

రాయగడ సభ్యుడు:
దుమ్ము టూ స్ట్రోక్‌కూ సమానమే కదా?

జయపురం మెకానిక్:
సమానమే, కానీ టూ స్ట్రోక్‌లో పిస్టనుకు అందే నూనె పెట్రోలుతో కలిసి వచ్చి కాలిపోతుంది. ఫోర్ స్ట్రోక్‌లో రింగులు దాటిన దుమ్ము ఇంజినాయిల్లోనే ఉండిపోయి క్యాముకూ బేరింగులకూ తిరుగుతుంది. చాలా బండ్లలో అదే నూనె క్లచ్చుకూ గేర్లకూ సరిపోవాలి. అందుకే నూనె ఎప్పుడు మార్చాలో చూడటానికి ట్రాక్టరుకు లెక్కించినట్టు దీనికీ గంటలే లెక్కించమంటాను. 3,000 కిలోమీటర్లంటే రహదారి మీద గంటకు 50 చొప్పున 60 గంటల పని. దేవమాలి వంటి కొండల మీద ఒకటి, రెండు గేర్లలో 15 చొప్పున పాకితే అదే దూరం 200 గంటలవుతుంది.

గుణుపురం సభ్యుడు:
గంటల లెక్క కొండల వరకు ఒప్పుకుంటాను. పార్వతీపురం రోడ్డు మీద రోజూ ఉద్యోగానికి వెళ్లేవారికి మాత్రం కంపెనీ పుస్తకంలోని కిలోమీటర్ల లెక్కే చాలునని నా అభిప్రాయం.

జయపురం మెకానిక్:
రోడ్డు వరకు చాలు. ఆదివారం అదే బండితో కొండెక్కితే మాత్రం, సోమవారం ఆఫీసుకు బయలుదేరేలోపు ఫిల్టరు తీసి ఆ గొట్టం ఒకసారి తుడిచి చూడండి.