అప్‌డేట్: మోంటాలే ఉత్తరాలు దొరికాయి

ఇటాలియన్ కవి యుజేనియో మోంటాలే, దాంతే కావ్యాల మీద పనిచేసిన అమెరికన్ పండితురాలు ఇర్మా బ్రాండైస్‌కు రాసిన ఉత్తరాలు చదవాలంటే ఫ్లోరెన్స్ దాకా వెళ్లాలా అని ఇదివరకు అడిగాను. జవాబు చెప్పిన అందరికీ థాంక్స్. వెళ్లక్కర్లేదు. 2006లోనే ‘లెట్టెరే ఎ క్లిత్సియా’ పేరుతో పుస్తకంగా వచ్చాయి. క్లిత్సియా అంటే ఆయన కవితల్లో ఇర్మాకు పెట్టుకున్న పేరు. ఇటాలియన్ రాకపోతే మాత్రం కష్టమే, నేను నిఘంటువు పక్కన పెట్టుకుని నెమ్మదిగా చదువుతున్నాను.

అవి పుస్తకంగా రావడానికి ఇంత ఆలస్యం ఎందుకైందో కూడా తెలిసింది. ఆమె 1983లో ఆ ఉత్తరాలను ఫ్లోరెన్స్‌లోని గాబినెత్తో వ్యూస్సూ గ్రంథాలయానికి ఇస్తూ ఇరవై ఏళ్లు తెరవకూడదని షరతు పెట్టారు. 1933లో వాళ్లిద్దరూ కలిసింది ఆ సంస్థలోనే. అప్పుడు మోంటాలే దానికి డైరెక్టర్. ఫాసిస్టు పార్టీలో చేరనందుకు 1938లో ఆ ఉద్యోగం పోయింది. ఆమె యూదు వనిత. ఇటలీలో యూదులకు వ్యతిరేకంగా జాతి చట్టాలు వచ్చిన ఏడాదీ అదే. ఆమె దగ్గరికి అమెరికా వచ్చేస్తానని మోంటాలే ఉత్తరాల్లో రాస్తూనే ఉంటాడు, కానీ వెళ్లడు. చదువుతుంటే ఆమె మీదే జాలేస్తుంది.

ఇంకో ప్రశ్న. అమెరికాలోని బార్డ్ కాలేజీలో ఇర్మాకు స్నేహితుడైన కవి జేమ్స్ మెరిల్‌తో నడిచిన ఉత్తరాలు ఎక్కడున్నాయో ఎవరైనా చూశారా?