పెన్నాలో కొత్తగా వేటకు దిగే పిలకాయలు చేసే తప్పులు ఏంటి?

కోవూరు_పెదబాబు:

మా చిన్నాయన కొడుకులు ఇద్దరు ఇంటర్ పరీక్షలు అయిపోగానే విసురు వల ఒకటి, రీలు గాలాలు రెండు కొనుక్కున్నారు. పెన్నాలో, కాలవల్లో, వీలుంటే కృష్ణపట్నం పక్క ఉప్పుటేట్లో చేపల వేటకు పోతామని ఒకటే గోల. ఈత వచ్చు, వేట రాదు. "దిగితే అదే వస్తది" అంటన్నారు. ఈ వయసోళ్ళు ఏ తప్పులు చేస్తారు, ఏది ప్రాణం మీదికి తెస్తది, ఏది సామాను పాడు చేస్తది, తెలిసినోళ్ళు వివరంగా చెప్పండన్నా. "జాగ్రత్తగా ఉండండి" అని మాత్రం రాయబాకండి, ఆ మాట ఇంట్లో రోజూ వింటానే ఉండారు.

ఇసుకపల్లి_వల:

మొదటి తప్పు కొట్లోనే జరుగుద్ది. పెద్ద వల అయితే పెద్ద చేప పడుద్దని పది అడుగుల వల తెచ్చుకుంటారు. తాడు కట్టే నడినెత్తి నుంచి సీసం అంచు దాకా పది అడుగులున్న వల ఐదారు కిలోలు తూగుద్ది, తడిస్తే ఇంకా బరువు. నాలుగు విసుర్లకే భుజం పడిపోద్ది, ఐదో విసురుకి మనిషే వల వెంట ముందుకు తూలతాడు. నేర్చుకునేదానికి ఐదారు అడుగులది, మూడు కిలోల సీసంతో చాలు. సీసం మరీ తక్కువ పెట్టిన వల చౌకగా వస్తది గానీ నిదానంగా దిగుద్ది. అంచు నేలకు ఆనేలోపు చేప కిందనుంచి జారుకుంటది. కన్ను లాగి పట్టుకుంటే అంగుళానికి తగ్గకుండా చూడమనండి. అంతకంటే చిన్న కన్నయితే పిల్లచేప కూడా వచ్చేస్తది, వల బరువెక్కి విప్పేదానికే పొద్దు పోద్ది.

మొదట వారం రోజులు గడ్డి నేల మీద విసరాలి. సిమెంటు మీద, తారు రోడ్డు మీద విసిరితే దారం రాసుకుపోయి కన్నులు తెగతాయి.

విసిరేటప్పుడు ఒంటి మీద ఏముందనేది చానా మంది పట్టించుకోరు. చొక్కా గుండీ, వాచీ, ఉంగరం, మొలతాడుకి వేలాడే తాళం చెవి, వీటిల్లో ఏ ఒక్కదానికి వల కన్ను తగులుకున్నా విసిరిన ఊపు మొత్తం మనిషిని లాగుద్ది. గట్టు అంచున నిలబడినోడు వలతో పాటు నీళ్ళలో పడేది ఇట్టాగే. గుండీలు లేని బనియను, మోకాలు దాటని నిక్కరు వేసుకోవాలి. లుంగీ, జీన్స్ రెండూ వద్దు. లుంగీ కాళ్ళకు చుట్టుకుంటది, జీన్స్ తడిస్తే బరువు.

పెద్దోళ్ళను చూసి సీసం అంచు పంటి కింద పట్టుకుంటారు. విడిచే క్షణం తప్పితే పన్ను ఊడొస్తది, పైగా సీసం నోట్లో పెట్టుకునే వస్తువు కాదు. ఆ అంచుని మోచేతి మీద వేసుకుని విసిరే పద్ధతి ఉంది, అది నేర్చుకోమనండి.

ఇక తాడు. దీన్ని జారుముడితో మణికట్టుకు బిగిస్తే వల మొద్దుకో, వరద కొట్టుకొచ్చిన చెట్టుకో తగులుకున్నప్పుడు విప్పుకోలేరు. లాగేకొద్దీ బిగుసుకుంటది. జారని ముడితో వదులు ఉచ్చు వేసి, వేళ్ళు దగ్గరగా ముడిస్తే చెయ్యి ఊడొచ్చేంత వెడల్పు ఉంచాలి. మొలకు చిన్న కత్తి కట్టుకోవాలి, జేబులో వేసుకుంటే అవసరానికి చేతికి రాదు.

లోతు సంగతి: ఆరడుగుల వలకు మూడు, మూడున్నర అడుగుల నీళ్ళే సరి. అంతకంటే లోతులో వేస్తే అడుగు చేరేలోపే వల ముడుచుకుపోద్ది. సీసం నేలకు ఆనే దాకా తాడు వదులుగా ఉంచి, తర్వాత చిన్న చిన్న గుంజులతో లాగితే అంచు దగ్గరికి చేరి చేప సంచిలో పడుద్ది. కుర్రోళ్ళు ఆత్రంగా ఒక్కసారే లాగతారు, అంచు పైకి లేస్తది, కింద తలుపు తీసినట్టే.

వల తగులుకుంటే దిగి విప్పబాకండి. ముందు తాడు పూర్తిగా వదలాలి. తర్వాత గట్టు మీదే నడిచి అవతలి దిక్కు నుంచి లాగాలి. ఏ దిక్కున తగులుకుందో దానికి ఎదురు దిక్కున లాగితే చానాసార్లు ఊడొస్తది. అప్పటికీ రాకపోతే తాడు కోసెయ్యడమే.

పొట్టేపాళెం_గట్టు:

పై అన్న చెప్పిన దాంట్లో ఒక్కటి ఒప్పుకోను. ఉచ్చు వదులుగా ఉన్నా సరే, నీళ్ళలో నిలబడి విసిరేటప్పుడు తాడు చేతికి వద్దు. తాడు చివర మూత బిగించిన ఖాళీ ఐదు లీటర్ల నూనె క్యాను కట్టి దాన్ని వదిలెయ్యాలి. వల తగులుకున్నా చేయి జారినా క్యాను తేలతా ఉంటది. గట్టు మీద నుంచి విసిరితే ఉచ్చు సరే.

ఇంటర్ సెలవులంటే ఏప్రిల్, మే. అప్పుడు పెన్నా చూసేదానికి ఇసుక మైదానంలాగా ఉంటది, మధ్యలో మడుగులు. అసలు ప్రమాదం అక్కడే. ఇసుక తవ్విన గుంటల్లో నీళ్ళు నిలిచి ఉంటాయి. మోకాటి లోతులో నడిచేవాడికి ఒక్క అడుగు తేడాలో నిలువు లోతు వస్తది. గుంట గోడ ఇసుకే కాబట్టి ఎక్కబోతే కాలి కింద జారిపోతా ఉంటది, ఈతగాడు కూడా అక్కడే కొట్టుకుని అలిసిపోతాడు. చేయాల్సింది ఏమంటే, ఎదురుగా ఉన్న గోడ ఎక్కే ప్రయత్నం మాని, వెల్లకిలా తేలి, దిగొచ్చిన వైపుకే పోవాలి. ఎనిమిది అడుగుల వెదురు గెడ ఒకటి పట్టుకుని, ప్రతి అడుగుకీ ముందు గెడ వేసి చూడాలి. గెడ దిగబడితే ఆగిపోవాలి.

ఒకడు మునుగుతుంటే రెండోవాడు దూకడం ఇంకో తప్పు. ఇద్దరూ పోతారు. అందుకే ఇంకో ఖాళీ క్యానుకు పదిహేను మీటర్ల తాడు కట్టి గట్టు మీద సిద్ధంగా ఉంచాలి. లోపల గ్లాసుడు నీళ్ళు పోస్తే విసిరేదానికి బరువు వస్తది. అది అందించి గట్టు మీదినుంచే లాగాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే లెక్కే వేరు. ఇక్కడ చుక్క వాన లేకపోయినా పైన సోమశిల గేట్లెత్తితే నీళ్ళు వచ్చేస్తాయి. 78 టీఎంసీల డ్యామది. 2021 నవంబరు వరద చూసినోళ్ళకి చెప్పక్కర్లేదు. నీళ్ళ రంగు మారి, చెత్త, నురగ కొట్టుకొస్తుంటే సామాను వదిలేసి అయినా గట్టెక్కాలి. ఏటి మధ్య తిప్పల మీద కూర్చుని వేటాడే అలవాటు అసలు వద్దు.

ఒంగోలు_గాలం:

గాలం సంగతి నేను చెప్తా.

ముందు అనుమతి. చెరువుల్లో చాలావాటిలో చేప హక్కు మత్స్యకార సహకార సంఘాలకు లీజుకిచ్చి ఉంటారు. పిల్ల వదిలేది వాళ్ళు, గాలం వేసేది మనం అంటే గొడవే. ఊళ్ళో అడిగి వెయ్యండి.

కొత్త రీలు తీసుకోగానే డ్రాగ్, అంటే చేప గుంజినప్పుడు దారం వదిలే బిగింపు, మొత్తం బిగించేస్తారు. పెద్ద చేప ఒక్క గుంజు గుంజితే దారం తెగుద్ది, లేదంటే కొక్కెం సాగుద్ది. దారం ఎన్ని కిలోలు ఆపుద్దో దాంట్లో నాలుగోవంతుకి డ్రాగ్ పెట్టాలి. ఎనిమిది కిలోల దారమైతే రెండు కిలోలు. చేత్తో అంచనా కాదు, కొక్కెం కాటాకి కట్టి లాగి చూడాలి. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపాలి. పొడిగా బిగిస్తే రాపిడికి వేడెక్కి నైలాను అక్కడే బలహీనపడుద్ది, చేప పడినప్పుడు సరిగ్గా ముడి దగ్గరే తెగుద్ది. చుట్లు ఐదారు, చివర మూడు మిల్లీమీటర్లు వదిలి కోయాలి.

కొక్కెం నంబర్లలో కూడా తికమక పడతారు. 8 కంటే 4 పెద్దది, 1 ఇంకా పెద్దది. ఆ తర్వాత 1/0, 2/0 అని పైకి పోద్ది. పరిగెలకు 8 చాలు, కొరమీనుకు 1/0 లేదా 2/0. బతికున్న కప్పని గుచ్చడం మానెయ్యండి, రబ్బరు కప్పతో కొరమీను బాగానే పడుద్ది. నీటి మీద బుడుంగుమని శబ్దం రాగానే గుంజితే నోట్లోంచి ఊడొస్తది. దారం పక్కకు సాగడం కనిపించే దాకా రెండు మూడు సెకన్లు ఆగి గుంజాలి.

ఎర్రటి పిల్లల గుంపు నీటి పైకి తేలి మునుగుతా ఉందంటే కింద తల్లో తండ్రో కాపలా ఉందని లెక్క. దాని మీద గాలం వేస్తే వెంటనే పడుద్ది. అందుకే కుర్రోళ్ళకి అదంటే మహా సరదా. కానీ ఆ ఒక్కదాన్ని పడితే పిల్లల్నన్నిటినీ మిగతా చేపలు తినేస్తాయి, మరుసటేడు ఆ మడుగులో కొరమీను మాటే ఉండదు.

జెల్లని చేత్తో పట్టుకునేటప్పుడు ముళ్ళు మరవద్దు. వీపు మీద ఒకటి, పక్క రెక్కలకు చెరొకటి. ఇంగిలాయి అనే జెల్లకి వీపు ముల్లు లేదు గానీ పక్క ముళ్ళలో విషం ఉంది, గుచ్చుకుంటే చెయ్యి మొత్తం సలుపుద్ది. పసుపు, సున్నం పెట్టి కూర్చోవద్దు. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో, 45 డిగ్రీలకి మించకుండా, అరగంట నుంచి గంటన్నర దాకా ముంచి ఉంచాలి. ముందు మంచి చేత్తో వేడి చూసుకోవాలి, నొప్పిలో ఉన్న చెయ్యికి కాలేది తెలియదు. తర్వాత డాక్టరు, టీటీ ఇంజెక్షను.

ఇంకోటి. ఖరీదైన రాడ్లు కార్బన్‌వి, కరెంటు పారుద్ది. కాలవ గట్ల మీద 11 కేవీ లైన్లు ఉంటాయి. రాడ్డు విసిరే ముందు తలెత్తి చూడాలి, నడిచేటప్పుడు అడ్డంగా పట్టుకోవాలి. ఉరుము వినపడితే వేట ఆపి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా నీటి దగ్గరికి రాకూడదు.

ఫ్రీబర్డ్_నెల్లూరు:

ఇంత కష్టం ఎందుకు బ్రో, ఇన్వర్టర్ బ్యాటరీతో కరెంటు పెడితే పది నిమిషాల్లో బస్తా నిండుద్ది. రాత్రి పూట కుందేళ్ళకి ఉచ్చులు కూడా వెయ్యొచ్చు.

పొట్టేపాళెం_గట్టు:

సామీ, ఆ సలహా ఇంకెవరికీ ఇవ్వబాక. తడి కాళ్ళతో నీళ్ళలో ఉండి వైరు పట్టుకున్నోడికీ చేపకీ కరెంటు తేడా చూడదు. గుడ్డు, పిల్ల, పీత, కప్ప అన్నీ చస్తాయి, సగం అడుగున కుళ్ళతాయి. మందు కలపడం, తోటాలు పేల్చడం 1897 నాటి మత్స్య చట్టం నుంచీ నేరమే. కుందేలు, కౌజు, అడవిపంది ఏది పట్టినా 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు. చెరువు తాబేలు వలలో పడ్డా అంతే, కూరకి కాదు, అక్కడే వదిలెయ్యాలి.

మైపాడు_ఒడ్డు:

ఉప్పుటేరు గురించి ఎవరూ రాయలేదు.

పోటు (నీళ్ళు ఎక్కేది), పాటు (నీళ్ళు తీసేది) టైములు తెలియకుండా దిగొద్దు. ఆరు గంటలకు కాస్త పైన ఒక్కోటి మారుద్ది, రోజుకి దాదాపు యాభై నిమిషాలు ఆలస్యం అవుద్ది. అమావాస్యకీ పౌర్ణమికీ లాగుడు జాస్తి. నీళ్ళు సముద్రంలోకి తీసే టైములో మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గర తొడ లోతు దాటకూడదు. కొట్టుకుపోతే ఎదురీదబాకండి, అడ్డంగా ఈది ఒడ్డు పట్టాలి. వరద వచ్చి పోయాక మొగ జరుగుద్ది, పోయినేడు నడిచిన ఇసుక తిన్నె ఈ ఏడు ఉండదు.

టేకు చేప ఇసుకలో కప్పుకుని పడుకుంటది. అడుగు ఎత్తి వేస్తే దాని మీదే పడుద్ది, తోక ముల్లు మడమలో దిగుద్ది. పాదాలు నేలకు రాస్తా ఈడ్చుకుంటా నడిస్తే అదే పక్కకి తప్పుకుంటది. కుట్టినా వేడి నీళ్ళ వైద్యమే, కానీ ముల్లు లోతుగా దిగితే పీకకుండా ఆసుపత్రికి.

బురదలో నడుము దాకా దిగితే కాళ్ళు గుంజేకొద్దీ ఇంకా దిగుద్ది. వెనక్కి వాలి కూర్చున్నట్టు బరువు పరిచి, ఒక్కో కాలు నిదానంగా తియ్యాలి.

మండ పీతను ముందు నుంచి పట్టుకోవాలని చూస్తే వేలు పోద్ది. కర్రతో వీపు నొక్కి పెట్టి, వెనక ఈత కాళ్ళ దగ్గర పట్టుకుని, గిట్టలు ముడిచి తాడు కట్టాలి. కింద పొట్ట వైపు వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోతే అది నీటి పీత, పొర విడిచి ఎక్కువ రోజులు కాలేదు. ఉడకపెడితే నీళ్ళే. వదిలేస్తే కండ పట్టాక పనికొస్తది. గుడ్లతో ఉన్నది కూడా వదలాలి.

ఎవరి పడవైనా ఎక్కుతామంటే, ఇంజను పడవలకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. ఆ రోజుల్లో తీసుకుపోతానన్నోడి పడవ ఎక్కొద్దు.

కోవూరు_పెదబాబు:

అందరికీ దండాలన్నా, ఇద్దరికీ చదివించా. పెద్దోడు క్యాను మాటకి ఒప్పుకున్నాడు, చిన్నోడు ఇంకా పది అడుగుల వల మీదే ఉండాడు. రెండు ప్రశ్నలు. పట్టిన చేప ఇంటికొచ్చేలోపు పులుసుకి పనికిరాకుండా పోతంది. వల కూడా వాసన.

ఇసుకపల్లి_వల:

మే ఎండలో చేపకి ఎంత బరువుంటే అంత ఐసు కావాలి. కిలో చేపకి కిలో ఐసు, దిమ్మ కాదు, పగలగొట్టింది. అడుగున ఐసు, మీద చేప, మళ్ళీ ఐసు. కరిగిన నీళ్ళు పోయేదానికి పెట్టెకి కింద బెజ్జం ఉండాలి, ఆ నీళ్ళలో నానితే చేప మెత్తబడుద్ది. పెద్ద చేపకైతే అక్కడే పేగులు, మొప్పలు తీసెయ్యాలి, ముందు చెడేది అవే. కొరమీను అయితే బతికించి తేవచ్చు, పైకొచ్చి గాలి పీలుస్తది కాబట్టి బిందెడు నీళ్ళు అక్కర్లేదు, మునిగీ మునగనంత చాలు. మూత మాత్రం గట్టిగా కట్టమను, ఎగిరి దూకుద్ది. మూతకి గాలి బెజ్జాలు పెట్టాలి.

వలకి ఉప్పు నీళ్ళలో వేసిన రోజు మంచినీళ్ళతో రెండుసార్లు ఝాడించాలి. పొలుసులు, నాచు కన్నుల్లోంచి తీసేసి నీడన ఆరేయాలి. ఎండలో రోజూ వేలాడేస్తే నైలాను పెళుసెక్కి, వేలితో లాగితే తెగిపోద్ది. బాగా ఆరాక నడినెత్తి తాడుతో వేలాడదియ్యాలి, గోనెసంచిలో కుక్కి మూలన పడేస్తే ఎలకలు కొరికేస్తాయి. పది అడుగుల వల గురించి చిన్నోడితో వాదన ఎందుకు, ఎవరిదన్నా అడిగి తెచ్చి గడ్డి మీద ఇరవై సార్లు విసరమను.