అప్‌డేట్: తమ్ముడికి స్క్రైబ్ (చెబితే పరీక్ష రాసిపెట్టే మనిషి) ఒప్పుకున్నారు

పోయిన నెల అడిగాను కదా, మా తమ్ముడికి చేతి వణుకు, సదరం (వైకల్య ధ్రువీకరణ) పరీక్షలో 30 శాతమే వచ్చింది, 40 లేదు కాబట్టి డిగ్రీ పరీక్షకు స్క్రైబ్ కుదరదన్నారని.

మీలో ఒకరు చెప్పిన 2021 వికాస్ కుమార్ తీర్పే పని చేసింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 40 శాతం నిబంధన రిజర్వేషన్ల వంటి వాటికే, స్క్రైబ్‌కి అది అడ్డు కాదని సుప్రీంకోర్టు తేల్చింది. 40 శాతం లేనివాళ్ల స్క్రైబ్ గురించి 2022 ఆగస్టులో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలూ జతచేశాం. వైద్యుల బోర్డు సర్టిఫికెట్‌కే మూడుసార్లు తిరిగాం (రెండోసారి డాక్టరుగారు సెలవు!).

గంటకు 20 నిమిషాలు అదనం కూడా ఇచ్చారు. ఆ 2022 మార్గదర్శకాల ప్రకారం మనం తెచ్చుకునే స్క్రైబ్ చదువు పరీక్ష రాసేవాళ్ల కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలన్నారు. అందుకని పక్కింటి ఇంటర్ కుర్రాడు వస్తున్నాడు. వాడి దస్తూరీ చూస్తేనే నాకు భయం.