సముద్రంపై చమురు తెట్టు కనుమరుగైతే, చమురు పోయినట్టేనా?

ప్రశ్న

నౌకల నుంచో, సముద్రగర్భ బావుల నుంచో ముడి చమురు ఒలికినప్పుడు కొంతకాలం నల్లటి తెట్టు కనిపిస్తుంది. ఆ తరువాత ఉపరితలం చాలావరకు తేటపడుతుంది. ఆ చమురంతా ఎక్కడికి పోతుంది? రసాయనాలు చల్లి తెట్టును చెదరగొట్టడం జీవరాశికి మేలా, లేక హానిని కంటికి కనిపించని చోటికి తరలించడమా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం

ముడి చమురు వేలాది హైడ్రోకార్బన్ల (కార్బన్, హైడ్రోజన్ కలిసిన పదార్థాల) మిశ్రమం కనుక అందులో ఒక్కో భాగం ఒక్కో దారి పడుతుంది. తేలికపాటి చమురైతే మూడో వంతు నుంచి సగం దాకా ఒకటి రెండు రోజుల్లోనే ఆవిరవుతుంది. బెంజీన్ వంటివి అలా పోతూనే కొంత నీటిలో కరుగుతాయి. తొలి గంటల్లో కనిపించే తీవ్రమైన విషప్రభావం ఎక్కువగా వీటిదే. మిగిలిన బరువైన భాగాన్ని అలలు చిలికినప్పుడు నీటి బిందువులు అందులో చొరబడి చిక్కటి ఎమల్షన్ ఏర్పడుతుంది. అందులో నీరే 70 నుంచి 80 శాతం వరకు ఉండవచ్చు కాబట్టి, ఎత్తిపోయవలసిన వ్యర్థం ఒలికిన చమురుకు మూడు నాలుగు రెట్లవుతుంది.

చమురును తినే ఆల్కనివొరాక్స్ వంటి బాక్టీరియా సముద్రంలో సహజంగానే ఉన్నాయి. అయితే వాటికి ఆక్సిజన్‌తో పాటు నత్రజని, భాస్వరం కూడా కావాలి. ఇవి కొరవడిన చోట కుళ్ళడం దాదాపు ఆగిపోతుంది. 1989 మార్చి 24న అలాస్కాలోని ప్రిన్స్ విలియం సౌండ్‌లో ఎక్సాన్ వాల్డెజ్ నౌక నుంచి సుమారు 4 కోట్ల లీటర్ల చమురు ఒలికింది. అక్కడి తీరంలో రాళ్ల కింద, గాలి సరిగా ఆడని పొరల్లో చిక్కుకున్న చమురు ఇరవై ఏళ్ల తరువాత కూడా తవ్వితే బయటపడింది. కనుక మీ శీర్షికలోని ప్రశ్నకు నా సమాధానం, కాదనే.

రెండవ సమాధానం

రసాయనాల సంగతి చెబుతాను. తెట్టును చెదరగొట్టే ఈ రసాయనాన్ని డిస్పర్సెంట్ అంటారు. అది చమురును నాశనం చేయదు. సన్నని బిందువులుగా విడగొట్టి నీటిలోకి దింపుతుంది. బిందువులు చిన్నవైతే బాక్టీరియాకు అందే ఉపరితలం పెరుగుతుంది, పక్షులకూ తీరానికీ ముప్పు తగ్గుతుంది. కానీ నీటిలో ఉండే గుడ్లు, పిల్ల చేపలు, ప్లవకాలు (నీటిలో తేలియాడే చిన్న జీవులు) ఆ చమురుకు గురవుతాయి. 1967లో ఇంగ్లండ్ తీరాన టోరీ కాన్యన్ నౌక ప్రమాదంలో వాడిన తొలితరం డిటర్జెంట్లు చమురు కన్నా ఎక్కువగా రాతితీరపు నత్తలను చంపాయి. వాటి మేత ఆగడంతో రాళ్లను నాచు కప్పేసింది, అక్కడి జీవజాలం కుదుటపడడానికి పదేళ్లకు పైగా పట్టింది. నేటి డిస్పర్సెంట్లు అంత విషపూరితం కావు. అయినా 2010లో మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ వేదిక ప్రమాదం తరువాత బావి 87 రోజులు చమురు చిమ్మినప్పుడు, సుమారు 1,500 మీటర్ల లోతులో బావి ముఖద్వారం దగ్గరే డిస్పర్సెంట్ పంపడం ఎంతవరకు ఉపకరించిందన్న చర్చ శాస్త్రవేత్తల మధ్య తెగలేదు. తీరం, పక్షుల గూళ్లు దగ్గరలో ఉండి, నీరు లోతుగా ఉన్న చోట మాత్రమే నేను దీనిని సమర్థిస్తాను.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒడ్డుకు చేరిన చమురును పూర్తిగా కడిగివేయడమే మంచిదా? చేపలపై ప్రభావం ఎన్నాళ్లుంటుంది?

మూడవ సమాధానం

అన్నిచోట్లా కడగకూడదు. అలాస్కాలో అధిక పీడనంతో వేడినీళ్లు కొట్టిన రాతితీరాల్లో, చమురును తట్టుకుని బతికిన జీవులు కూడా ఆ వేడికి చనిపోయాయి. మడ అడవుల్లోనూ ఉప్పునీటి చిత్తడి నేలల్లోనూ మనుషులు, యంత్రాలు తిరిగితే చమురు బురద లోపలికి తొక్కుకుపోతుంది.

చేపల విషయానికి వస్తే, పెద్ద చేపల మరణాల కన్నా గుడ్ల దశలో జరిగే నష్టమే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. ముడి చమురులో ఉండే పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు అనే విషపదార్థాలు అత్యల్ప మోతాదులో ఉన్నా పిండం గుండె ఎదుగుదలను దెబ్బతీస్తాయి; గుండె వంకరగా ఏర్పడిన పిల్ల చేప పైకి మామూలుగానే కనిపించినా, వేగంగా ఈదలేక వేటాడే జీవుల వాత పడుతుంది. ఒడ్డున లెక్కించే కళేబరాల్లో ఈ నష్టం కనిపించదు కాబట్టి, తెట్టు పోయాక కూడా ఏళ్ల తరబడి గుడ్లనూ పిల్ల చేపలనూ పరిశీలిస్తూనే ఉండాలి.