ఇద్దరితోనే ఎందుకు ఆగుతున్నారు?

ప్రశ్న (హనుమకొండ): మా నాయనమ్మకు ఏడుగురు, మా అమ్మకు ముగ్గురు, నాకు ఒక్కతే కూతురు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2.6గా ఉన్న సంతాన సాఫల్య రేటు (ఒక మహిళకు జీవితకాలంలో సగటున పుట్టే పిల్లల సంఖ్య), 2019-21 నాటికి తెలంగాణలో 1.8కి తగ్గింది. దీనికి చదువే కారణమా?

జవాబు (జనగామ): చదువు ముఖ్యమే, కానీ చదువు తక్కువగా ఉన్న ఇళ్లలోనూ ఇద్దరితోనే ఆగుతున్నారు. పుట్టిన బిడ్డలు బతుకుతారన్న నమ్మకం కుదిరాక ఎక్కువ మందిని కనవలసిన అవసరం పోయింది. పైగా మన దగ్గర ఆడవాళ్లు చిన్న వయసులోనే పెళ్లై, వెంటవెంటనే ఇద్దరిని కని, ముప్పై నిండకముందే ఆపరేషన్ చేయించుకోవడం మామూలు. ఆ భారం వాళ్లపైనే పడడం నన్ను బాధపెడుతుంది.

జవాబు (జగిత్యాల): మా వైపు గల్ఫ్ వలసను కూడా లెక్కలోకి తీసుకోవాలి. భర్త రెండేళ్లకోసారి సెలవుపై వస్తే కాన్పుల మధ్య ఎడం పెరుగుతుంది, పంపిన డబ్బు ముందు అప్పులకు, ఆ తర్వాత పిల్లల ఫీజులకు పోతుంది. బీడీలు చుట్టే తల్లి కూడా బిడ్డను ఇంగ్లిష్ మీడియంలోనే చేర్పించాలనుకుంటుంది. అయితే మొదటి ఇద్దరూ ఆడపిల్లలైతే కొడుకు కోసం మూడో కాన్పుకు ఒత్తిడి చేసే అత్తమామలు ఇంకా ఉన్నారు.

ప్రశ్న అడిగినవారు: నిజమే, మా ఇంట్లోనూ ఆ ఒత్తిడి వచ్చింది. ఆ నిర్ణయంలో భార్య మాటకు ఎంత విలువ ఉందో కూడా నేను అడగవలసింది.