అప్‌డేట్: బ్రహ్మకమలం మొగ్గలు విచ్చకుండానే రాలిపోయే సమస్య తీరింది

మొగ్గలు చిన్నగా ఉండగానే పసుపు రంగుకు తిరిగి రాలిపోతున్నాయని ఇక్కడ అడిగాను. ఇప్పుడు నిలిచాయి, పూశాయి కూడా! జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

“మొక్క మీద చీమలు తిరుగుతున్నాయా?” అన్న ప్రశ్నే దారి చూపింది. నిపుణుడికి చూపిస్తే, మొగ్గ కాడ మొదట్లో, కాండం అంచు నొక్కుల్లో దాక్కున్న పిండినల్లిని (తెల్లని దూదిలా కనిపించే చిన్న పురుగు) పట్టుకున్నారు. అది రసం పీల్చి వదిలే తీపి జిగురు కోసం చీమలు చేరతాయి, పైగా దాని శత్రువులను తరిమి కాపాడతాయి. స్పిరిట్‌లో తడిపిన దూదితో నొక్కులన్నీ ఓపికగా తుడిచాను. తర్వాత సబ్బునీటిలో కొద్దిగా వేపనూనె కలిపి, ఎండ తగ్గాక, వారానికోసారి చల్లాను. చీమలు కనబడడం మానేవరకూ ఆపవద్దన్నారు.

కొత్త ఎరువు, పెద్ద తొట్టి అవసరం కాలేదు. చలి కావాలన్న సలహా హిమాలయాల్లో పెరిగే, ఇదే పేరున్న వేరే మొక్కకు వర్తిస్తుంది. ఇది మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్లను ఆధారం చేసుకుని పెరిగే కాక్టస్. మొగ్గ తొడిగాక తొట్టిని కదపవద్దన్న మాట మాత్రం నిజమే, చోటు మారినా మొగ్గలు రాలవచ్చట.

మీ మొక్కకూ ఇదే ఇబ్బంది ఉంటే, ఎరువు వేసే ముందు ఆ నొక్కుల్లో తెల్లని దూదిలాంటి మచ్చలున్నాయేమో చూడండి.